విశాఖలో నాన్‌బైనరీ వ్యక్తుల మీద డిసర్టేషన్: సర్వే చేయాలా, ఇంటర్వ్యూలు చేయాలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇది. మీరు విశాఖలో ఎంఏ సోషియాలజీ రెండో ఏడాది చదువుతున్నారు. డిసర్టేషన్‌కి నాలుగు నెలలు టైం ఉంది. ఆడ, మగ అనే రెండు గళ్ళలో ఇమడని వాళ్ళ అనుభవాల మీద చేయాలనుకుంటున్నారు. మీ గైడ్ గారు వంద మందితో ప్రశ్నాపత్రం నింపించమన్నారు. ఇంగ్లిష్ ప్రశ్నాపత్రాన్ని తెలుగులోకి మార్చుకున్నారు, జెండర్ దగ్గర "స్త్రీ / పురుషుడు / ఇతరులు" అని పెట్టారు. అంతమంది ఎక్కడ దొరుకుతారు, ఇది సరైన పద్ధతేనా అని అడిగారు.

సూటిగా చెప్తాను. వంద మంది సర్వే వద్దు. 10 నుంచి 12 మందితో, ఒక్కొక్కరితో రెండు విడతలుగా లోతైన ఇంటర్వ్యూలు చేయండి. "ఇతరులు" అనే గడి తీసేయండి. మీ శ్రమలో ఎక్కువ భాగం అనువాదం మీద కాకుండా, తెలుగులో వాళ్ళు తమ గురించి ఎలా మాట్లాడుకుంటారో వినడం మీద పెట్టండి. ఈ విషయంలో తెలుగు ఇచ్చే ఆధారం ఇంగ్లిష్ ప్రశ్నాపత్రంలో దొరకదు. ఎందుకో కింద రాస్తున్నాను.

ముందు సర్వే సంగతి. సర్వేకి ఒక జాబితా కావాలి, అందులోంచి మనుషుల్ని ఎంచుకోవాలి. నాన్‌బైనరీ వాళ్ళ జాబితా మన దగ్గర ఎవరి దగ్గరా లేదు. 2011 జనాభా లెక్కల్లో "ఇతరులు" కింద దేశం మొత్తం మీద 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది నమోదయ్యారు. అది వాడుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ దేశవ్యాప్తంగా ఆ అంకెలో 54,854 మంది 0-6 ఏళ్ళ పిల్లలు. అంటే వాళ్ళు తమ గురించి చెప్పుకున్నది కాదు, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పింది ఎన్యూమరేటర్ (లెక్కలకు ఇంటికొచ్చిన ఉద్యోగి) రాసుకున్నది. హిజ్రాలు, ఇంటర్‌సెక్స్ పిల్లలు (పుట్టుకతో శరీర లక్షణాలు పూర్తిగా ఆడ, మగ రెండిట్లో ఒకదానికి సరిపోనివాళ్ళు), పొరపాటున పడిన టిక్కులు, అన్నీ ఒకే గంపలో ఉన్నాయి. దాన్ని నాన్‌బైనరీ జనాభా అని ఎక్కడా రాయకండి.

వైవాలో మీకు పనికొచ్చే లెక్క కెనడాది. 2021 జనాభా లెక్కల్లో ట్రాన్స్, నాన్‌బైనరీ వాళ్ళను లెక్కపెట్టి ప్రకటించిన మొదటి దేశం అదే. 15 ఏళ్ళు దాటిన సుమారు 3.05 కోట్ల మందిలో 41,355 మంది నాన్‌బైనరీ అని చెప్పుకున్నారు. అంటే వెయ్యికి ఒకరో ఇద్దరో. అదే నిష్పత్తి ఇక్కడా ఉంటుందని నేను అనడం లేదు, ఉండాలనీ లేదు. కానీ ఇంత చిన్న సమూహాన్ని వంద మంది సర్వేతో పట్టుకోలేమని మీ గైడ్ గారికి చూపించడానికి ఈ ఒక్క అంకె చాలు. ఎక్కడో ఒకచోట వంద మందిని పోగుచేసినా, వాళ్ళు ఒకే స్నేహబృందంలోని వాళ్ళయి ఉంటారు. శాతాలు లెక్కగట్టి టేబుల్ వేస్తే చూడ్డానికి బావుంటుంది, అర్థం మాత్రం ఉండదు.

ప్రశ్న అడిగే తీరు గురించి ఇంకో దేశం నుంచి పాఠం ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2021 జనాభా లెక్కల్లో "మీరు చెప్పుకునే జెండర్, పుట్టినప్పుడు నమోదైన సెక్స్‌తో ఒకటేనా?" అనే అర్థం వచ్చే ప్రశ్న అడిగారు. దాదాపు 2,62,000 మంది "కాదు" అన్నారు. తర్వాత చూస్తే ఇంగ్లిష్ బాగా రానివాళ్ళలో ఆ జవాబు అసాధారణంగా ఎక్కువగా ఉంది. వాక్యం అర్థంకాక టిక్ పెట్టినవాళ్ళు గణనీయంగా ఉండొచ్చని తేలింది. చివరికి 2024లో ఆ గణాంకాలకు ఉన్న అధికారిక గుర్తింపు స్థాయిని తగ్గించారు. ఇంగ్లిష్ పుట్టిన దేశంలోనే ఇలా అయితే, "మీ జెండర్ గుర్తింపు పుట్టుకతో కేటాయించబడిన లింగంతో సరిపోలుతుందా?" అని తెలుగులో రాస్తే గాజువాకలో ఎవరు అర్థం చేసుకుంటారు? "లింగం" అన్న మాటకే మనకు శివలింగం, వ్యాకరణం, శరీరం అన్నీ గుర్తొస్తాయి. "జెండర్" అందరూ వాడుతున్న మాటే, దాన్నే ఉంచండి.

ప్రశ్నను రెండుగా విడగొట్టండి. ఇప్పటి సంగతి ముందు, పుట్టినప్పటి సంగతి తర్వాత. నేను వాడే మాటలు ఇవి:

"మీ గురించి మీరు చెప్పుకోవాలంటే ఇప్పుడు ఏమని చెప్పుకుంటారు? ఒకటి కంటే ఎక్కువ కూడా చెప్పొచ్చు." కింద గళ్ళు: మహిళ, పురుషుడు, ట్రాన్స్ మహిళ, ట్రాన్స్ పురుషుడు, హిజ్రా, ఆడా కాదు మగా కాదు, రెండూ ఉన్నాయి, ఒక్కోసారి ఒక్కోలా, నేను వాడే మాట వేరు (ఖాళీ గీత), చెప్పదలచుకోలేదు.

"మిమ్మల్ని బడిలో చేర్చినప్పుడు రిజిస్టర్‌లో అబ్బాయి అని రాశారా, అమ్మాయి అని రాశారా?" బర్త్ సర్టిఫికెట్ అని అడిగితే పెద్దవయసు వాళ్ళలో అది లేనివాళ్ళు ఎక్కువ, అక్కడ మాట ఆగిపోతుంది. బడి రిజిస్టర్ చాలామందికి గుర్తుంటుంది. ఈ రెండో ప్రశ్న మీ పరిశోధనకు నిజంగా అవసరమా అని కూడా ఒకసారి ఆలోచించండి. ఇంటర్వ్యూ పద్ధతిలో అయితే తరచూ అవసరం ఉండదు, కథలో అదే వస్తుంది.

"నాన్‌బైనరీ" అనే మాటను మీరు ముందుగా నోటెంట తేవద్దు. ఆ మాట తెలిసినవాళ్ళు ఎక్కువగా ఇంగ్లిష్‌లో చదువుకుని, ఫోన్‌లో ఆ చర్చలు చూసినవాళ్ళు. దాన్నే షరతుగా పెడితే మీ పన్నెండు మందీ రుషికొండ, మధురవాడ వైపు ఐటీ ఉద్యోగులు, కాలేజీ పిల్లలే అవుతారు. జాలారిపేటలోనో పెందుర్తిలోనో "నేను అటూ కాదు ఇటూ కాదండి" అనే మనిషి మీ లెక్కలోకి రారు. పోస్టర్ మీద "ఆడ, మగ అనే రెండు మాటల్లో ఏదీ మీకు పూర్తిగా సరిపోదనిపిస్తుందా?" అని రాయండి. అలాగే "నపుంసక" అన్న మాట ఎక్కడా రాకూడదు. వ్యాకరణంలో దానికి చోటుంది, మనిషికి తగిలిస్తే అది తిట్టు.

హిజ్రాలను నాన్‌బైనరీ కింద వేయొచ్చా అని చాలామంది విద్యార్థులు అడుగుతారు. వాళ్ళు చెప్పుకుంటే వేయండి, మీరు నిర్ణయించి వేయకండి. హిజ్రా అంటే గురువు, చేలా (శిష్యులు), ఇంటి పరంపర, నియమాలు ఉన్న ఒక సమాజం. అందులో తనను పూర్తిగా స్త్రీగా చెప్పుకునేవాళ్ళున్నారు, రెండూ కాదనేవాళ్ళూ ఉన్నారు. చట్టం మాట వేరు. 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసులో సుప్రీంకోర్టు తన జెండర్‌ను తాను చెప్పుకునే హక్కును గుర్తించింది. 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టాన్ని ఆమోదించినప్పుడు దాని నిర్వచనంలో ట్రాన్స్ పురుషులు, ట్రాన్స్ మహిళలు, ఇంటర్‌సెక్స్ వాళ్ళు, హిజ్రా, కిన్నర్, అరవాని, జోగ్తాలతో పాటు "జెండర్‌క్వీర్" (ఆడ, మగ అనే గళ్ళలో ఇమడనివాళ్ళు) అనే మాట ఉండేది. "నాన్‌బైనరీ" అనే మాట లేదు. చట్టం ఆమోదం పొందిన రూపం ప్రకారం 6వ సెక్షన్ కింద కలెక్టర్ ఇచ్చే సర్టిఫికెట్ మీద ట్రాన్స్‌జెండర్ అని వస్తుంది, 7వ సెక్షన్ సర్జరీ తర్వాత ఆడ లేదా మగ అని మార్చుకోవడానికి. ఆ రూపంలో రెండూ కాదనుకునే మనిషికి కాగితం మీద మొదటిదే గతి. ఈ అధ్యాయం సబ్మిట్ చేసే ముందు చట్టానికి వచ్చిన సవరణలన్నీ చూసుకుని రాయండి, పాత పాఠం మీద ఆధారపడకండి.

దీనికీ మీ ఫీల్డ్‌వర్క్‌కీ సంబంధం ఉంది. పెన్షన్ కావాలన్నా, కార్డు కావాలన్నా ఆఫీసులో "ట్రాన్స్‌జెండర్" అని చెప్పాలి. అదే మనిషి ఇంట్లో ఇంకోలా, స్నేహితుల దగ్గర మరోలా చెప్పుకోవచ్చు. అందుకే "మీ గుర్తింపు ఏమిటి" అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకోకండి. కలెక్టరాఫీసులో ఏమని చెప్పారు, ఇల్లు అద్దెకు అడిగినప్పుడు ఏమని చెప్పారు, ఆసుపత్రి ఓపీ చీటీ మీద ఏమని రాయించారు, విడివిడిగా అడగండి. అవి పొంతన లేని జవాబులు కావు. మీ డేటా అవే.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం, క్రియ చివర ఏముందో వినడం.

తెలుగులో "నేను వచ్చాను" అంటే ఆడో మగో తెలియదు. "మీరు వచ్చారు" అన్నా తెలియదు. కాబట్టి మన భాషలో ఇబ్బంది లేదని చాలామంది అనుకుంటారు. కానీ ఇంటర్వ్యూలో ప్రతివాళ్ళూ మొదట అడిగే ప్రశ్న "మీ చిన్నప్పటి సంగతులు చెప్పండి". చిన్నప్పటి సంగతులు మనం అలవాటు భూతకాలంలో చెప్తాం. అక్కడ "ఆడుకునేవాణ్ణి", "ఆడుకునేదాన్ని" అని రెండే దారులు. "నేను అనేవాణ్ణి, వెళ్ళేదాన్ని, భయపడేవాణ్ణి", ప్రతి వాక్యం చివరా మనిషి ఒక పక్క ఎంచుకోవాలి. ఎంచుకోవడం ఇష్టంలేని వాళ్ళు ఏం చేస్తారో గమనించండి. కొందరు "ఆడుకునేవాళ్ళం" అని బహువచనంలోకి వెళ్తారు. కొందరు "ఆడుకున్నాను" అని మామూలు భూతకాలంలోకి మారతారు. కొందరు "ఆడుకుంటూ ఉంటాను చిన్నప్పుడు" అని వర్తమానంలో చెప్తారు. కొందరు ఒకే జ్ఞాపకంలో రెండూ వాడతారు. ఇలాంటి వాక్యం వచ్చిందనుకోండి: "బళ్ళో అందరితో కొట్టుకునేవాణ్ణి, ఇంటికొచ్చి ఒక్కదాన్నే కూర్చునేదాన్ని." ఈ ఒక్క వాక్యం మీద మీరు రెండు పేజీలు రాయొచ్చు. బడి ఎవరిది, ఇల్లు ఎవరిది, ఏ చోట ఏ చివర వచ్చింది.

ఇక్కడే పని చెడిపోతుంది కూడా. టైపింగ్ బయటకు ఇస్తే, టైప్ చేసే వాళ్ళు గొంతుని బట్టి "పొరపాటు" అనుకుని అన్నీ ఒకే రకంగా దిద్దేస్తారు. మాట నుంచి రాతగా మార్చే యాప్‌ని నమ్ముకున్నా పలికిన చివర అలాగే వస్తుందన్న భరోసా లేదు. మీరే టైప్ చేయండి, ఒక్క చివర కూడా దిద్దకండి. గంట ఆడియోకి ఆరు గంటలు పడుతుంది. 12 మంది, రెండేసి విడతలు, గంట చొప్పున 24 గంటల ఆడియో, అంటే 144 గంటల టైపింగ్. రోజుకి ఆరు గంటలు కూర్చుంటే 24 రోజులు. ఈ లెక్క మొదటే వేసుకోకపోతే ఆఖరి నెలలో చేతులెత్తేస్తారు.

మీ వైపు నుంచి జాగ్రత్త: తోటి విద్యార్థి అయినా "మీరు" అనే అడగండి. "నువ్వు" అన్నారంటే "వెళ్ళేవాడివా, వెళ్ళేదానివా" అని మీరే తేల్చాల్సి వస్తుంది. "మీరు వెళ్ళేవారా" అంటే ఆ గొడవ లేదు. "గారు", "అండి" రెండూ అందరికీ సరిపోతాయి. సార్, మేడమ్ మానేయండి. రాసేటప్పుడు "తను" వాడితే సరిపోతుందనుకోకండి, వెంటనే "తను వచ్చాడు", "తను వచ్చింది" అని క్రియ బయటపెట్టేస్తుంది. "వారు వచ్చారు" అని రాయడం మేలు. అయినా ఏ మాట వాడాలో ఒక్కొక్కరినీ అడిగి కాగితం మీద రాసుకోండి. మారుపేరు కూడా వాళ్ళనే పెట్టుకోమనండి. ఆలోచన తోచకపోతే సాయి, కిరణ్, చైతన్య లాంటివి ఇద్దరికీ పెట్టే పేర్లు.

థీసిస్ ఇంగ్లిష్‌లో కాబట్టి ఉల్లేఖనలు అనువదించాలి. "వాణ్ణి", "దాన్ని" రెండూ ఇంగ్లిష్‌లోకి వెళ్ళగానే మాయమవుతాయి. అందుకని ముఖ్యమైన వాక్యాలకు తెలుగు మూలం కూడా పక్కనే ఇవ్వండి, ఆ క్రియ చివర కింద గీత గీసి గుర్తు పెట్టండి. కోడింగ్ (ఏ వాక్యం ఏ విషయం కిందికి వస్తుందో గుర్తులు పెట్టడం) తెలుగు పాఠం మీదే చేయండి, అనువాదం మీద కాదు.

రెండో విడతలో చుట్టరికం అడగండి. మన భాషలో తోబుట్టువుని వరస పెట్టి పిలవడానికి ఆడ మగ తేడా లేని మాటే లేదు. అన్న, అక్క, తమ్ముడు, చెల్లి, ఏదో ఒకటి అవ్వాలి. బావ, మరదలు, వదిన, మరిది దగ్గరకొస్తే మనిషి జెండర్ మారితే ఎదుటివాళ్ళ వరస కూడా మారిపోతుంది, మేనరికాలున్న ఇళ్ళలో మరీను. "మీ అక్క పిల్లలు మిమ్మల్ని ఏమని పిలుస్తారు?" అని అడిగి చూడండి. మావయ్యా, పిన్నా, పేరు పెట్టా? "వాళ్ళింట్లో పెళ్ళి జరిగితే బుట్ట పట్టుకునే మేనమామ వరసలో మిమ్మల్ని నిలబెట్టారా?" అని అడగండి. మిమ్మల్ని ఇంట్లో ఒప్పుకున్నారా అని నేరుగా అడిగితే "ఆ, పర్లేదండి" అంటారు. పెళ్ళిలో ఎక్కడ నిలబడ్డారో అడిగితే అసలు సంగతి వస్తుంది.

మనుషుల్ని ఎలా చేరుకోవాలి. ఒకరి ద్వారా ఇంకొకరిని చేరుకునే స్నోబాల్ పద్ధతే దారి, కానీ ఒక్క చోట మొదలుపెడితే ఒక్క గుంపే వస్తుంది. కనీసం నాలుగు వేర్వేరు చోట్ల నుంచి మొదలుపెట్టండి: ఒక క్యాంపస్, ఒక ట్రాన్స్ సంక్షేమ సంస్థ, ఒక ఆన్‌లైన్ గ్రూపు, నగరం అంచున ఒక కాలనీ లేదా పల్లె. ఒక్కొక్కరి ద్వారా ఇద్దరికి మించి తీసుకోకండి. నంబర్ మీరు అడగొద్దు, మీ నంబర్ వాళ్ళకిమ్మనండి. ఇష్టమైతే వాళ్ళే ఫోన్ చేస్తారు. అనకాపల్లి 2022 ఏప్రిల్ నుంచి వేరే జిల్లా, కాబట్టి "విశాఖ జిల్లా" అని టైటిల్‌లో పెట్టి అక్కడి వాళ్ళని కలపకండి.

కూర్చునే చోటు బీచ్ రోడ్డు కాకూడదు. గాలికి, అలలకి రికార్డింగ్ పనికిరాదు, పైగా తెలిసినవాళ్ళు ఎదురయ్యే చోటు. ఇంట్లో గోడ అవతల అమ్మ వింటూ ఉంటుంది. సెలవురోజు డిపార్ట్‌మెంట్‌లో తలుపు వేసుకునే గది అడిగి పెట్టుకోండి, అయినా చోటు ఎంపిక వాళ్ళదే. ఆటో ఛార్జీ, పోయిన పూట కూలి ఇవ్వండి, ఎంతిస్తారో ఎథిక్స్ దరఖాస్తులో (పరిశోధన మనుషులకు హాని చేయదని యూనివర్సిటీ కమిటీ అనుమతి కోసం పెట్టేది) రాయండి. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, ఆడియో ఆటో బ్యాకప్ ఆపి రికార్డ్ చేయండి. అదే రోజు పాస్‌వర్డ్ ఉన్న ఫోల్డర్‌లోకి మార్చి ఫోన్‌లోంచి తీసేయండి.

ఎథిక్స్ అనుమతి రాకముందు ఒక్క ఇంటర్వ్యూ కూడా వద్దు. 18 నిండినవాళ్ళే. సంతకం చేయడానికి భయపడేవాళ్ళకు నోటిమాట సమ్మతిని రికార్డ్ చేసే వీలు ముందే అడిగి పెట్టుకోండి, లేకపోతే అసలు పేరుతో సంతకాల కట్ట మీ అల్మరాలో ప్రమాదంగా ఉంటుంది. "మీరు చెప్పింది ఎవరికీ చెప్పను" అని గుడ్డిగా హామీ ఇవ్వకండి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే రిపోర్ట్ చేయడం తప్పనిసరి. ఆ మినహాయింపు సమ్మతి పత్రంలో ముందే ఉండాలి.

వివరాలు దాచడంలో పేరు మార్చడం చిన్న పని. "మధురవాడ, ఐటీ, 26 ఏళ్ళు, ఫలానా కులం" అని నాలుగు గళ్ళు పక్కపక్కన పెడితే ఈ ఊళ్ళో ఆ మనిషిని గుర్తుపట్టడానికి ఒక రోజు చాలు. వయసు ఐదేళ్ళ వరసల్లో, చోటు "నగరం, శివారు, పల్లె" అని, ఉద్యోగం స్థూలంగా ఇవ్వండి. ఒక్కో మనిషికి ఒక్కో వరుస ఉన్న టేబుల్ అసలు వేయకండి, మొత్తం మీద ఎంతమంది ఏమిటో వేయండి. డిసర్టేషన్ లైబ్రరీలోకి వెళ్తుంది, ఎవరైనా తెరుస్తారు.

ఇంటర్వ్యూలో ఎవరైనా కుంగిపోతే రికార్డర్ ఆపండి, ఆ రోజుకి చాలించండి. మానసిక సహాయానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 కాగితం మీద రాసి ఇవ్వండి. కౌన్సెలర్ పేరు ఇచ్చేముందు మీరే వెళ్ళి కలవండి. "మామూలుగా మార్చేస్తాం" అనే చోటికి పంపారంటే మనం చేసింది కీడు. అలాంటి చికిత్సను నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో వృత్తిపరమైన తప్పుగా ప్రకటించింది.

గైడ్ గారు అంకెలు కావాల్సిందే అంటే, మైనారిటీ స్ట్రెస్ (చిన్న సమూహాల వాళ్ళు వివక్ష వల్ల పడే ఒత్తిడి) నమూనా మీద తయారైన స్కేల్, అంటే మార్కుల ప్రశ్నావళి, ఒకటి వాడొచ్చు కదా అనిపిస్తుంది. ఆ నమూనాను 2003లో ఇలాన్ మేయర్ రాసినప్పుడు దృష్టి లెస్బియన్, గే, బైసెక్సువల్ వాళ్ళ మీద ఉంది. జెండర్‌కి సంబంధించిన స్కేల్ 2015లో వచ్చింది. తెలుగులోకి తేవాలంటే ఇద్దరు విడివిడిగా అనువదించి, మూడో మనిషి వెనక్కి ఇంగ్లిష్‌లోకి మార్చి, ఆ తర్వాత ఐదారుగురితో ఒక్కో ప్రశ్నకి "మీకేం అర్థమైంది" అని అడిగి దిద్దాలి. ఇదే నాలుగు నెలల పని. ఎంఏకి పెట్టుకోకండి.

ఈ వారం ఒక పని చేయండి. మీకు బాగా తెలిసినవాళ్ళు ఇద్దరిని, ఎవరైనా సరే, చిన్నప్పటి సంగతులు పావుగంట చెప్పమని అడిగి, అనుమతితో రికార్డ్ చేసి, ఉన్నదున్నట్టు టైప్ చేయండి. "వాణ్ణి", "దాన్ని", "వాళ్ళం" ఎన్నిసార్లు వచ్చాయో గీతలు గీయండి. చెవి ఆ చివరలకు అలవాటు పడ్డాక గైడ్ గారి దగ్గరకు ఆ కాగితం పట్టుకుని వెళ్ళండి. ఎథిక్స్ దరఖాస్తు రాసేటప్పుడు ఎక్కడైనా ఆగిపోతే ఆ భాగం ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.